సల్ల రూము

శనివారం పొద్దున సాలమ్మ చెక్క గొర్రుతో మంచు సాపు చేస్తుంటే మల్లేష్ జాకెట్ లేకుండా లోపలికి వచ్చాడు. ఒకదాని మీద ఒకటి రెండు చొక్కాలు తొడుక్కుని, మెడకు తువ్వాల చుట్టుకున్నాడు.

"జాకెట్ ఏది తమ్మీ?" అంది సాలమ్మ, చేతిలో పని ఆపకుండానే.

"ఇయ్యాల మనకు లెవ్వంట అక్కా. బ్యాచులు ఫుల్లున్నయంట. మనయి గూడ కౌంటర్ల పెట్టమన్నడు సారు. నీది తీస్కరమ్మన్నడు. సేతి తొడుగులు గూడ."

సాలమ్మ గొర్రు గోడకు ఆనించి జాకెట్ జిప్పు లాగబోయింది. జిప్పు వేళ్లకు చిక్కలేదు. తల వంచి, బొటనవేలు ఎక్కడుందో కంటితో చూసుకుని మరీ లాగాల్సి వచ్చింది. మల్లేష్ అది చూశాడు. అతని వేళ్ల సంగతీ అంతే. జాకెట్ మడిచి అతని చేతికిచ్చి, మూలన సంచిలో ఉన్న పాత స్వెటర్ తొడుక్కుని, ఆమె మళ్లీ గొర్రు అందుకుంది.

శామీర్‌పేట రోడ్డు మీద, ఒకప్పుడు గోదాము ఉన్న చోట కట్టిన బిల్డింగ్ అది. బయట బోర్డు మీద 'హిమనగరి' అని ఉంటుంది. లోపల కొండల మీద ఊరు ఎలా ఉంటుందో అలా కట్టారు. పై అంతస్తులో చెక్క గోడల హోటలు, అందులో ఆవిరి మోమోలు, నూడుల్స్ వేసిన వేడి సూపులు. మధ్య అంతస్తులో బౌలింగు, గోడెక్కే ఆట, క్యారమ్ బల్లలు. కింద మంచు. గోడల నిండా దేవదారు చెట్లు, వాటి వెనక తెల్లటి శిఖరాలు, ఒక మూల చిన్న రైల్వే స్టేషన్, అన్నీ రంగులతో వేసినవే. బయట ఎండకు తారు చెప్పులకు అంటుకుంటుంటే, ఆ ఏడు సిమ్లాకో మనాలీకో పోలేకపోయినవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చేవాళ్లు. మంచులో ఆడి, మధ్య అంతస్తులో బంతులు దొర్లించి, పైకెళ్లి అద్దాల పక్కన కూర్చుని కింద ఆడుతున్న వాళ్లని చూస్తూ తినేవాళ్లు. మోమోలు ఒక ప్లేటు రుచి చూసి, ఆ తర్వాత బిర్యానీ ఉందా అని అడిగేవాళ్లే ఎక్కువ. పనివాళ్లు మాత్రం బోర్డు మీది పేరు ఎప్పుడూ వాడలేదు. వాళ్లకది సల్ల రూము.

సాలమ్మ అందులో చేరి రెండో వేసవి. మొదట్లో ఒక పద్ధతి ఉండేది. లోపల పనిచేసేవాళ్లు అరగంటకోసారి వెనక తలుపు దగ్గరికొచ్చి హీటర్ ముందు చేతులు కాచుకుని పోవాలి. సెలవుల రద్దీ మొదలయ్యాక ఆ హీటర్‌ని కస్టమర్లు బూట్లు విప్పుకునే చోటికి మార్చారు. దాంతో ఆ పద్ధతి దానంతటదే పోయింది. బయటికి రావద్దని ఎవరూ చెప్పలేదు. వస్తామని ఎవరూ అడగలేదు.

ఆ రోజు పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చారు. సాలమ్మ పెద్ద బూట్లలో చిన్న కాళ్లు దూర్చింది, జారిపడ్డ వాళ్లని లేపింది, తొక్కి తొక్కి గట్టిపడ్డ చోట పారతో గీకి మెత్తటి మంచు చల్లింది. పద్మలత అని ఇంకో ఆమె, బొల్లారం వైపు నుంచే వస్తుంది, వాలు పైన నిలబడి పిల్లల్ని గాలి ట్యూబుల్లో కూర్చోబెట్టి వదులుతోంది. వాలు చివర చెక్క కంచె ఉంది. ట్యూబు ఆ కంచెకు తగలకముందే దాని తాడు అందుకుని ఆపడం మల్లేష్ పని. పొద్దున ఆ పని చేయడం ఒక ఎత్తు, సాయంత్రం ఒక ఎత్తు. సాయంత్రానికి వాలు నున్నబడి అద్దంలా అవుతుంది. ట్యూబులు జోరందుకుంటాయి.

ఆ పిల్లకు ఏడేళ్లుంటాయి. గులాబీరంగు ఊలు టోపీ పెట్టుకుంది. తల్లి కాసేపు మంచులో తిరిగి, చలికి తట్టుకోలేక పైకి వెళ్లిపోయింది. తండ్రి వాలు పైదాకా వచ్చి కూతుర్ని ట్యూబులో సర్ది కూర్చోబెట్టాడు.

మల్లేష్ వంగి తాడు అందుకున్నాడు. సాలమ్మ పక్కనే పారతో మంచు ఎత్తిపోస్తోంది. తాడు అతని అరచేతిలోకి రావడం చూసింది. చెయ్యి మూసుకోలేదు. అతను మూస్తున్నాడు, ముఖమంతా బిగబట్టి మూస్తున్నాడు, కానీ వేళ్లు కదల్లేదు. తాడు అరచేతి మీద నుంచి పాకిపోయింది. వెంటనే రెండో చెయ్యి చాపి పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. అదీ నిలవలేదు. ట్యూబు కంచెకు కొట్టుకుంది. పిల్ల ఎగిరి, మణికట్టు ఒంటి కింద మడతపడి, మంచులో పడింది.

వెంటనే ఏడవలేదు. కూర్చుని తన చేతివైపు చూసుకుంది. తండ్రి పైనుంచి జారుకుంటూ వచ్చి ఎత్తుకున్నాక అప్పుడు ఏడుపు మొదలైంది. పైన అద్దాల వెనక తల్లీ, పక్కనే ఒక ముసలావిడా లేచి నిలబడటం సాలమ్మకు కనిపించింది. వాళ్ల నోళ్లు కదులుతున్నాయి గానీ మాటలు కిందికి రాలేదు.

మల్లేష్ ఉన్నచోటే నిలబడి రెండు చేతులూ ముందుకు పెట్టుకుని, మూయడానికి చూస్తున్నాడు, తెరుస్తున్నాడు.

మేనేజరు ఫణిభూషణ్ పరుగున వచ్చి వాళ్లని తన కారులోనే ఆసుపత్రికి పంపించాడు. తిరిగి వచ్చి, వెనక తలుపు దగ్గర మల్లేష్‌ని నిలబెట్టి అడిగాడు.

"ఫోన్ చూస్తున్నావా?"

"లేదు సార్. ఫోన్ లాకర్ల ఉన్నది."

"మరి తాడెందుకు పట్టుకోలేదు?"

"సెయ్యి పట్టలే సార్."

"చెయ్యి పట్టకపోవడమేంటయ్యా?"

మల్లేష్ చేతులు చూపించాడు. అందరి చేతుల్లాంటి చేతులే. వాచిందేం లేదు, తెగిందేం లేదు. చూపించాక, అందులో చూడ్డానికేమీ లేదని అతనికే తెలిసినట్టు వెనక్కి తీసుకున్నాడు. రేపట్నుంచి రావొద్దన్నాడు ఫణిభూషణ్. గొంతేం పెంచలేదు. ఆ తర్వాత బ్యాచ్ ఉందని సాలమ్మని వాలు కింద నిలబడమన్నాడు. ఆమె నిలబడింది.

*

ఆదివారం మధ్యాహ్నం ఫణిభూషణ్ ఆమెను తన గదికి పిలిచాడు. టేబుల్ మీద మూత తీసిన టిఫిన్ డబ్బా ఉంది, పెరుగన్నం సగం తిని వదిలేశాడు. నలభై దాటిన మనిషి. రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఏడాదైంది. పనివాళ్లని తిట్టిన మనిషి కాదు.

"కూర్చో సాలమ్మా. టీ తాగుతావా?"

ఆమె కూర్చోలేదు. టీ మాత్రం తెప్పించాడు. గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని నిలబడింది. ఆ వేడి ఎక్కడో దూరంగా ఉన్నట్టు తెలుస్తోంది.

"ఆ పాపకి మణికట్టు దగ్గర సన్నటి పగులంట. కట్టు కట్టారు. వాళ్లు పొద్దున ఫోన్ చేశారమ్మా. చేయకుండా ఊరుకుంటారా మరి? నేనే ముందుగా మాట్లాడి, రేపు భోజనానికి రమ్మన్నాను. పైన మన హోటల్లో." అతను నుదురు రుద్దుకున్నాడు. "ఓనరుగారికి ఇంకా పూర్తిగా చెప్పలేదు. వాలులో లోపమనో, మంచు సరిగా వేయలేదనో అన్నారనుకో, వేసవి మధ్యలో మూసేసుకోవాలి. ఇంతమంది ఏమవుతారు?"

సాలమ్మ వింటోంది.

"మల్లేష్ ఫోన్ చూస్తున్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు. ఆ మూల కెమెరాకి ఎప్పుడూ మంచు పట్టి ఉంటుంది, అందులో ఏం కనపడదు. రేపు వాళ్లు అడిగితే నువ్వు చూసింది చెప్పు. అంతే."

"ఫోన్…" అని ఆగింది.

"అతనెలాగూ వెళ్లిపోయాడు కదమ్మా. వెళ్లినవాడికి కొత్తగా పోయేదేముంది? నిన్ను రేపట్నుంచి పైన హోటల్లో వేస్తాను. సర్వింగ్ దగ్గర. ఆ చల్లటి గదిలో నువ్వు ఇబ్బంది పడుతున్నావని నాకు తెలియదా?"

తెలుసన్నమాట. సాలమ్మ టీ తాగింది. గొంతులోకి దిగాక గానీ అది ఎంత వేడిగా ఉందో తెలియలేదు. గ్లాసు జాగ్రత్తగా, చూసుకుంటూ, టేబుల్ మీద పెట్టింది.

"సరే సార్" అంది.

అలా అన్నందుకు ఆమెకు బాధ కలగలేదు. బాధ కలగాలి కదా అని మెట్లు దిగుతూ అనుకుంది. అనుకోవడం వరకే. ఈ మధ్య అన్నీ అలాగే ఉంటున్నాయి. పోయిన నెల మేనత్త పోతే ఏడవాల్సిన చోట అందరితో కలిసి కూర్చుని, లేచి వచ్చేసింది.

సాయంత్రం బస్టాపులో మల్లేష్ ఉన్నాడు. కంపెనీ ఇచ్చిన బూట్లు, టీ షర్టు తిరిగి ఇవ్వడానికి సూరారం నుంచి రెండు ఆటోలు మారి వచ్చాడట. ఎండ వాలినా నేల సెగ తగ్గలేదు. తుర్కపల్లి నుంచి ల్యాబుల వాళ్ల క్యాబులు ఒకదాని వెనక ఒకటి అల్వాల్ వైపు పోతున్నాయి.

"పోరికెట్లున్నదక్కా?" అన్నాడు ముందుగా.

"మణికట్టు పగిలిందంట. కట్టు కట్టిన్రు. రేపొస్తరంట, పైకి, తినెతందుకు."

మల్లేష్ తలూపాడు. కాసేపు వచ్చేపోయే బండ్లని చూస్తూ నిలబడ్డాడు.

"సారు నిన్ను పిలిచిండని పద్మలతక్క సెప్పింది."

సాలమ్మ బస్సు వచ్చే దిక్కు చూసింది.

"నీ పని పోగొట్టుకొమ్మని నేనంటలేనక్కా. నా పని పాయె, పోతే పోనీ. యాడనో ఒక కాడ సేస్కుంట. గని పిల్ల పడంగ నేను ఫోన్ సూస్కుంట నిలబడ్డనంటే…" అతను చేతులు చంకల్లో పెట్టుకున్నాడు, ఆ ఎండలో కూడా. "గదొక్కటి వద్దక్కా. నాకు గూడ బిడ్డ ఉన్నది."

బస్సు వచ్చింది. సాలమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలేదాకా అతను ఆమె వైపు చూడలేదు. ఆమె కూడా ఏదో ఒకటి అని ఉండాల్సింది. హకీంపేట దాటుతుండగా ఏమని ఉంటే బాగుండేదో ఆలోచించింది. ఏమీ తట్టలేదు.

సోమవారం పొద్దున మచ్చ బొల్లారంలో, అద్దె గది ముందు అరుగు మీద కూర్చుని భవితకు జడ వేసింది. భవిత ఇంటరు రాసి, సెలవుల్లో కంప్యూటరు నేర్చుకోవడానికి పోతోంది. తండ్రి ఇస్తారి అప్పటికే సైటు మీదికి రంగుల పనికి వెళ్లిపోయాడు.

"అమ్మా, మూడు పాయలు తీసినవా? రెండే అల్లుతున్నట్టున్నవు."

సాలమ్మ చూసుకుంది. మూడో పాయ ఎప్పుడో చేతిలోంచి జారి భవిత వీపు మీద వేలాడుతోంది. విప్పి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పాయలు జారకుండా గట్టిగా లాగింది.

"నొస్తాందే."

"ఇయ్యాల్టి నుంచి పైన హోటల్ల పని" అంది సాలమ్మ.

భవిత వెనక్కి తిరిగి తల్లి ముఖం చూసింది. "నిజంగనా? మరి మొన్నటిదాంక ఎందుకియ్యలే?"

"ఖాళీ లేకుండె."

"మంచిగైంది తియ్. చేతులన్న మంచిగైతయి." భవిత మళ్లీ ముందుకు తిరిగి, కాసేపాగి, "రాత్రి నీ కాలు మీద చీమలు పాకుతుంటే నువ్వు దులుపుకోలే. నేనే దులిపిన" అంది.

సాలమ్మ జడ చివర రబ్బరు బ్యాండు వేసింది. వేశానో లేదో అని రెండుసార్లు చూసుకుంది.

*

పై అంతస్తులో పనివాళ్లకిచ్చే ఎర్రచొక్కా ఆమెకు కొంచెం వదులైంది. అక్కడ వెచ్చగా ఉంది. వంటింట్లోంచి అల్లం వెల్లుల్లి వాసన, ఆవిరి. మోమోల బుట్టల మూతలు తీస్తుంటే ముఖానికి పొగ కొడుతోంది. అద్దాల్లోంచి కింద సల్ల రూము కనపడుతోంది. పద్మలత వాలు కింద, మల్లేష్ నిలబడే చోట, మెడ భుజాల్లోకి దించుకుని నిలబడి ఉంది. పైనుంచి చూస్తే ఆ గది ఎంతో అందంగా ఉంది. సాలమ్మ ఇన్నాళ్లలో దాన్ని అటువైపు నుంచి చూడలేదు.

ఒంటిగంట దాటాక వాళ్లు వచ్చారు. పిల్ల తండ్రి జయకృష్ణ, తల్లి హరిచందన, నానమ్మ సీతామహాలక్ష్మి, కట్టు కట్టిన చేతిని మెడకు వేసిన గుడ్డలో వేలాడేసుకుని లిఖిత. మేడ్చల్ దగ్గర కొత్త కాలనీలో ఉంటారట. ఫణిభూషణ్ ఎదురెళ్లి అద్దాల పక్క టేబులుకి తీసుకొచ్చాడు. ఆ పిల్లకు ఏం కావాలో తనే అడిగి రాయించాడు.

"నానమ్మకి మాత్రం ఈ పిండి ముద్దలు వద్దండీ" అంది హరిచందన మెనూ చూస్తూ. "అత్తయ్యా, మీకు సూపు చెబుదామా?"

"ఏదో ఒకటి చెప్పమ్మా, కారం లేకుండా" అంది సీతామహాలక్ష్మి.

సూపు గిన్నెలు వచ్చాయి. పింగాణీవి, పొగలు కక్కుతున్నాయి. అవి ట్రేలో పెట్టుకు తీసుకెళ్లాలని సాలమ్మకు ఎవరూ చెప్పలేదు. రెండు చేతులతో రెండు గిన్నెలు పట్టుకుని వచ్చి, ఒకటి ముసలావిడ ముందు పెట్టింది. ఆవిడ గిన్నె దగ్గరికి జరుపుకోబోయి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అమ్మో, కాలిపోతోంది. దీన్నెలా పట్టుకొచ్చావమ్మా, గుడ్డ కూడా లేకుండా?"

"అలవాటేనమ్మా" అంది సాలమ్మ. చేతులు వెనక్కి తీసుకుంటూ చూసుకుంది. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఎర్రగా ఉండటం కనిపిస్తోందంతే.

వాళ్లు సగం తిన్నాక ఫణిభూషణ్ ఆమెను టేబులు దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఈవిడ సాలమ్మండీ. ఆ రోజు పక్కనే ఉంది. మేం దాచేదేమీ లేదు, ఏం జరిగిందో ఈవిడనే అడగండి."

జయకృష్ణ ఎందుకన్నట్టు చూశాడు. చెంచా కింద పెట్టాడు. అందరూ ఆమెవైపు తిరిగారు.

"గాయిన ఫోన్ సూస్తుండె సార్" అంది సాలమ్మ. "తాడు పట్టలే."

మాట బయటికొచ్చేసింది. అది అంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు. గొంతులో ఎక్కడా తగల్లేదు.

"పిల్లలాడుకునే చోట అలాంటివాళ్లనెలా పెడతారండీ" అంది హరిచందన, చిన్నగానే.

"తీసేశామండి. అదే రోజు" అన్నాడు ఫణిభూషణ్.

లిఖిత ఎడమ చేత్తో మోమోని ముక్కలు చేయడానికి అవస్థపడుతోంది. తలెత్తకుండానే, "ఫోన్ లేదు" అంది.

"ఏంటమ్మా?" అంది నానమ్మ.

"ఆ అంకుల్ దగ్గర ఫోన్ లేదు. నా చెయ్యి పట్టుకున్నాడు."

"నీకేం తెలుస్తుందే, అప్పటికే పడిపోయావు" అంది తల్లి.

"పడకముందే. పట్టుకున్నాడు గానీ ఆయనకి గట్టిగా పట్టుకోవడం రాలేదు. ఆయన చెయ్యి ఫ్రిజ్‌లోంచి తీసిన కీరాలా ఉంది." లిఖిత ఇప్పుడు తలెత్తి సాలమ్మను చూసింది. కోపంగా కాదు. పక్కనే కూర్చున్న పిల్ల లెక్క తప్పు చేస్తే చూసినట్టు చూసింది. "నువ్వు కూడా చూశావు కదా. నువ్వు అక్కడే ఉన్నావు."

ఫణిభూషణ్ నవ్వబోయాడు. "చిన్నపిల్ల కదండీ, భయంలో…"

"ఉండండి" అన్నాడు జయకృష్ణ. సాలమ్మ వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా."

సాలమ్మ నిలబడింది. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. పక్క టేబుల్లో ఎవరో బౌలింగులో గెలిచిన సంగతి చెప్పుకుని నవ్వుతున్నారు. ఆమె ఆ పిల్ల కట్టు కట్టిన చేతిని చూసింది. కట్టు చివర బయటికొచ్చిన నాలుగు వేళ్లు చూసింది. పిల్ల వాటిని ఊరికే ఆడిస్తోంది, మూస్తోంది, తెరుస్తోంది.

"పోరి సెప్పిందే నిజం సార్" అంది. "నేను అబద్ధం సెప్పిన. ఫోన్లు లోపటికి తెచ్చుకోనియ్యరు. గాయిన తాడు పట్టిండు. సెయ్యి మూసుకోలే. నా సేతులు గూడ మూసుకోవు. జల్దీ జల్దీ మూసుకోవు."

ఇంకా ఏదో చెప్పాలేమో అనుకుంది.

"మా జాకెట్లు, సేతి తొడుగులు మీకిచ్చిన్రు గదా, గా దినం. మస్తు మంది వచ్చిన్రు."

హరిచందన భర్త వైపు చూసి, మళ్లీ సాలమ్మ వైపు చూసింది. "నాకిచ్చిన జాకెట్ జేబులో బస్ టికెట్ ఉంది" అంది నెమ్మదిగా. "ఆడవాళ్ల ఫ్రీ టికెట్. అల్వాల్ నుంచి. ఎవరిదో చెత్త అనుకుని పారేశాను."

"నాదేనమ్మా. గది అక్కెర లేదు, పారేసేదే."

జయకృష్ణ ప్లేటు పక్కకు జరిపాడు. అతను తుర్కపల్లిలో మందుల ల్యాబులో పని చేస్తాడని ఫణిభూషణ్ పొద్దున ఆమెకు చెప్పాడు. "మా దగ్గర ఎవరైనా కోల్డ్ రూములోకి వెళ్తే బయట ఇంకొకళ్లు టైము చూస్తూ నిలబడాలండీ. సూటు లేకుండా తలుపే తెరవనివ్వరు. ఇక్కడ వీళ్లు ఎంతసేపు ఉంటారు లోపల?"

"సెలవుల్లో కొంచెం ఒత్తిడి…" అన్నాడు ఫణిభూషణ్.

"ఇంకో మాట" అన్నాడు జయకృష్ణ. "మేం ఎవర్నీ తీసెయ్యమని అడగలేదు కదండీ. నేను మీకు ఫోన్ చేసింది దీని టోపీ ఇక్కడ పడిపోయిందేమో కనుక్కోడానికి. మీరే మాట్లాడనివ్వకుండా సారీలు చెప్పి భోజనానికి రమ్మన్నారు."

"అవునండీ" అంది హరిచందన. "దొరికిందా, టోపీ?"

టోపీ సంగతి ఫణిభూషణ్‌కి అప్పుడే మొదటిసారి వినపడినట్టుంది. "వెతికిస్తానండీ" అన్నాడు.

సీతామహాలక్ష్మి సాలమ్మ మణికట్టు పట్టుకుని చెయ్యి ముందుకు లాగింది. కందిన అరచేతి మీద గ్లాసులోని నీళ్లు కొంచెం పోసి, తన రుమాలుతో అద్దింది. "తెలియట్లేదా?" అని అడిగింది. తెలియట్లేదని సాలమ్మ తలూపింది.

వాళ్లు వెళ్లాక మెట్ల దగ్గర ఫణిభూషణ్ ఆమెను ఆపాడు.

"పైన పని నీకు అవసరం లేనట్టుంది సాలమ్మా."

"కిందికి పోతున్న సార్" అంది ఆమె.

లాకరు గదిలో ఎర్రచొక్కా విప్పి మడత పెట్టింది. తన పాత స్వెటర్ తొడుక్కుంది. కౌంటర్ దగ్గరికి వెళ్లి, కస్టమర్ల కోసం వరసగా తగిలించి ఉన్న వాటిలోంచి ఒక జాకెట్, ఒక జత చేతి తొడుగులు తీసుకుంది. కౌంటర్లో ఉన్న అమ్మాయి తలెత్తి చూసింది. సాలమ్మ ఇంకో జత కూడా తీసుకుని, లోపలికి వెళ్లి పద్మలత చేతుల్లో పెట్టింది.

"సారిచ్చిండా?" అంది పద్మలత.

"నేనే తెచ్చిన."

బ్యాచ్ లోపలికి వచ్చింది. పద్మలత వాలు పైకి వెళ్లింది, సాలమ్మ కింద నిలబడి ట్యూబులు ఆపింది. వేళ్లతో కాకుండా తాడుని ముంజేతికి చుట్టుకుని ఆపింది. ఒక్కో పిల్ల నవ్వుతూ లేచి వెళ్తుంటే కళ్లతో లెక్క సరిచూసుకుంది. గోడ గడియారంలో అరగంట కాగానే, పద్మలతని ట్యూబులు వదలడం ఆపమని చెయ్యెత్తి, అందర్నీ కంచె ఇవతల నిలబడమని చెప్పి, వెనక తలుపు తోసుకుని బయటికి వచ్చేసింది.

బయట ఎండ ముఖాన చరిచినట్టు తగిలింది. జనరేటర్ పక్కన సిమెంటు మెట్టు ఉంది. దాని మీద కూర్చుని తొడుగులు తీసేసి, రెండు అరచేతులూ వెల్లకిలా మెట్టు మీద పెట్టుకుంది. కాసేపటికి తలుపు మళ్లీ చప్పుడైంది. పద్మలత వచ్చి పక్కన కూర్చుంది. తనూ చేతులు ఎండలో పెట్టుకుంది.

మొదట వేళ్ల చివర్లలో చిన్న గీరుడులాంటిది మొదలైంది. తర్వాత సూదులు. తర్వాత ఇందాక గిన్నెలకు కాలిన చోట మంట, అంతా ఒకేసారి, ఒకదాని మీద ఒకటి. సాలమ్మ పళ్లు బిగబట్టింది. కళ్లలోంచి నీళ్లు కారాయి. అవి చేతుల నొప్పికే. అయినా ఆమె వాటిని తుడుచుకోలేదు, చేతులు ఎండలోంచి తీయలేదు.

మంట కొంచెం తగ్గాక లాకరులోంచి తెచ్చుకున్న ఫోన్ తీసి మల్లేష్‌కు చేసింది.

"సెప్పిన తమ్మీ" అంది. "మొదలు అబద్ధమే సెప్పిన. ఫోన్ సూస్తుండె అన్న. గా పోరి లేదన్నది. గప్పుడు నిజం సెప్పిన."

"మొదలు అబద్ధం సెప్పినవా?" అన్నాడు మల్లేష్.

"ఆఁ. సెప్పిన."

అక్కడెక్కడో పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు, ఎవరో నీళ్లు పడుతున్న చప్పుడు.

"పోరి నన్ను యాదికి పెట్టుకున్నదా?" అన్నాడు చివరికి.

"నీ సెయ్యి యాదికి పెట్టుకున్నది."

"సారు ఇప్పుడే రెండు మాట్ల ఫోన్ జేసిండక్కా. ఎత్తలే."

"ఎత్తు. జాకెట్ ఇస్తేనే వస్తనను."

"ఇయ్యకపోతే?"

"ఇయ్యకపోతే రాకు."

ఫోన్ పెట్టేసి, ఈసారి బటన్ చూడకుండానే నొక్కానని గమనించింది. వెనక తలుపు తెరుచుకుంది. ఫణిభూషణ్ గడప మీద నిలబడ్డాడు. అతని చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది. మెట్టు మీద పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లని, ఎండలో పరిచిపెట్టిన నాలుగు చేతుల్ని చూశాడు. లోపల పిల్లలు అరుస్తున్నారు.

"సాలమ్మా, బ్యాచ్ ఆగిపోయింది. జనం అడుగుతున్నారు" అన్నాడు.

పద్మలత లేవబోయింది. సాలమ్మ తన చెయ్యి ఆమె మోకాలి మీద పెట్టింది. ఆ చీర నూలుది, కొంచెం గరుకుగా ఉంది.

"వస్తం సార్" అంది సాలమ్మ తల తిప్పకుండానే. "సేతులు రానియ్యుండ్రి."